రుచియు లెక్కయు

ఎఱుగనిదానిని నిందించుట సులభము. ఎఱిగినదానిని విడుచుట కష్టము. మద్యము విషయమున మేమింతకాలము సులభమైన పనినే చేసి, కష్టమైన పని చేసినవారివలె గర్వించుచుంటిమని గత శీతకాలమున మాకు తెలియవచ్చినది. అది తెలియవచ్చిన విధమును మా చదువరుల కెఱిగించుటయే యీ వ్యాసమున కుద్దేశము. విస్కీ రుచులనుగూర్చి వ్రాయబూనితిమని చూచినంతనే కొందఱు పత్రికను మడిచి ప్రక్కన పెట్టుదురేమో! తుదివఱకు చదివి, అప్పటికిని మాయందు దోషమే కనబడినచో నప్పుడు మడువుడని వేడుచున్నాము.

మా యింట మద్యమను మాటయే పలుకరాదు. మా మేనమామగారు నాలుగెకరముల మాగాణిని సారాకొట్టునకు ధారవోసి, నలువదియొకటవ యేట కాలేయము చెడి, ఆసుపత్రిలో మరణించిరి. అప్పటికి మాకు పదియేండ్లు. మమ్ము తన యొడిలో కూర్చుండబెట్టుకొని వేయించిన సెనగలు గింజగింజగ నోటబెట్టిన చేయి మాకు జ్ఞప్తియందున్నది. ఆ చేయి మంచపు పట్టెపై వణకుచుండుటయు జ్ఞప్తియందున్నది. ఆయన పోయినపిమ్మట మా తల్లిగారు తోడబుట్టినవాని పేరును మరల నోటబట్టలేదు. ఇంటివారందఱు నదేవిధముగ నుండిరి. త్రాగువానిని చూచి మొగము త్రిప్పుకొనుటయే సంస్కారమని మేము నాడు నేర్చుకొంటిమి. నేర్చినదానిని ఇతరులకును బోధించితిమి.

మా తమ్ముని కుమారుడు ఎడింబరో నగరమున ఆహారరసాయనశాస్త్రమునకు సంబంధించిన యుద్యోగమునం దున్నాడు. మే మచ్చటికి ప్రయాణమగుచుండగ మా మరదలు గుమ్మముకడ నిలిచి, "బావగారూ, వాని గదిలో సీసాలున్నవని విన్నాను. నేనడిగిన దాచును. మీమాట వానికి గౌరవము. చూచి, చెప్పవలసినది చెప్పి రండి" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ బాధ్యతను నెత్తిన పెట్టుకొని మేము విమాన మెక్కితిమి.

చూడబోగా పిల్లవా డేమియు దాచలేదు. పుస్తకముల యలమరలో, పుస్తకముల సరసనే, పదునేడు సీసాలు వరుసగ నిలిచియున్నవి. వానిచెంత నొక నోటుపుస్తకము. ప్రతిపుటయందును గడులు గీసి, రంగు, వాసన, రుచి, మ్రింగినపిదప నాలుకపై నిలుచు శేషము, వీనిని వేర్వేరుగ వ్రాసియున్నాడు. మేము కూర్చుండి, దారిపొడుగున కూర్చుకొన్న యుపన్యాసము నంతయు నొప్పగించితిమి. తలవంచుకొని విని, చివరకు వాడు మెల్లగ నిట్లనెను:

"పెదనాన్నగారూ, మీ రెన్నడైన రుచి చూచితిరా?"

"చూడలేదు. చూడనక్కఱయు లేదు."

"చూడకుండ తీర్పు చెప్పరాదని చిన్నతనమున నాకు నేర్పినవారు మీరే. పుక్కిటబట్టి ఉమ్మివేయుడు. పరీక్షించు వృత్తివారందఱు నట్లే చేయుదురు. అటుపిమ్మట మీ రేమి చెప్పినను వినెదను."

మా పాఠమే మాకు సంకెల యైనది. ఒప్పుకొంటిమి.

ఆ సాయంకాలము బల్లపై నాలుగు నీలి గాజుపాత్రల నుంచెను. రంగు కన్నుల మోసగించును గావున రంగు కనబడకుండుటకే ఆ నీలి గాజట. పాత్రలకు అంకెలేగాని పేర్లు లేవు. రెండు స్కాట్లండు సింగిల్ మాల్టులు, రెండు అమెరికా బోర్బన్‌లు. ఏది యేదో చెప్పవలయును. ఒకప్రక్క ఉమ్ముటకు గిన్నె, ఒకప్రక్క మంచినీళ్లు, చుక్కలు వేయుటకు సన్నని గొట్టము.

పరీక్షకు ముందు వాడు మాకు నిర్వచనములు చెప్పెను. సింగిల్ మాల్ట్ స్కాచ్ అనగా స్కాట్లండులో, ఒక్క బట్టీశాలయందే, మొలకెత్తించిన బార్లీని మాత్రము పులియబెట్టి, రాగి బానలలో కాచి, 700 లీటర్లకు మించని ఓకుకఱ్ఱ పీపాలలో ఆ దేశముననే మూడేండ్లకు తక్కువగాకుండ నిలువచేసినది. ఈ నియమములను 2009వ సంవత్సరపు శాసనము స్థిరపఱచినది. బోర్బన్ అనగా అమెరికాలో, ధాన్యమున నూటికి 51 పాళ్లకు తక్కువగాకుండ మొక్కజొన్న యుండునట్లు చేసి, లోపలివైపు బొగ్గగునట్లు కాల్చిన క్రొత్త ఓకు పీపాలలో పోసినది. మిగిలిన పాలు సామాన్యముగ రై ధాన్యము, కొంత మొలక బార్లీ. కొందఱు రైకి బదులు గోధుమ వాడుదురు. స్కాచ్‌లో రంగునకై మాడ్చిన చక్కెరపాకము కలుపవచ్చును, బోర్బన్‌లో కలుపరాదు. రెండింటిని నూటికి 40 పాళ్ల ఆల్కహాలునకు తగ్గకుండ సీసాల కెత్తవలయును. ఇంగ్లీషులో స్కాట్లండువారు 'విస్కీ' పదమును ఒక యక్షరము తక్కువగ వ్రాయుదురు. అమెరికావారిలో పెక్కుమంది ఒక యక్షర మెక్కువగ వ్రాయుదురు. మన లిపిలో నా భేదము లేదు. గేలిక్ భాషలో 'ఊష్కె బెహా', అనగా జీవజలమను మాటయే దీనికి మూలము. జీవజలమను పేరు విని మా మేనమామగారు తలపునకు వచ్చిరి. కాని మాటాడక మొదటి పాత్ర నెత్తితిమి.

మొదటిదానియందు తేనెయు, క్రొత్తగ కాల్చిన రొట్టెయు, కొంచెము పండిన సీతాఫలపు తీపియు తోచెను. నాలుకపై మెత్తగ ప్రాకెను. ఇంత నెమ్మదియైనది ప్రాచీనదేశపుదే యగునని "స్కాచ్" అంటిమి. రెండవదానిని వాసన చూచినంతనే కొబ్బరియు వెనిలాయు గుప్పుమనెను. వెనిలా వాసన బోర్బన్ లక్షణమని ఎక్కడనో చదివియుంటిమి గావున, వెనుకాడక "బోర్బన్" అంటిమి. పిల్లవాడు నవ్వి, రెండును తప్పెనని చెప్పెను. మొదటిది కెంటకీలో గోధుమ చేర్చి చేయు మేకర్స్ మార్క్. దాని మెత్తదనము గోధుమది. రెండవది స్కాట్లండు ఉత్తరభాగమున, ఆ దేశమున కెల్ల పొడవైన రాగి బానలలో కాచు గ్లెన్‌మోరంజీ.

"అయినచో స్కాచ్‌లోనికి వెనిలా యెట్లు వచ్చినది?" అని యడిగితిమి. ఆ ప్రశ్నకు వాడిచ్చిన యుత్తరమే ఆ రాత్రి మేము విన్నవానిలో కెల్ల వింతయైనది. కెంటకీ పీపా ఇంచుమించు 200 లీటర్లది. ఓకుకఱ్ఱను కాల్చినపుడు అందలి లిగ్నిన్ అను పదార్థము విఱిగి వెనిలా వాసన నిచ్చు ద్రవ్య మగును. కఱ్ఱలోని తైలములనుండి కొబ్బరివాసన వచ్చును. కఱ్ఱలోని చక్కెరలు పాకమగును. బోర్బన్‌కు పీపా క్రొత్తది కావలయునని శాసన మున్నది గావున, ఒకమాఱు వాడినది మరల బోర్బన్‌కు పనికిరాదు. అట్టి పీపాలు లక్షలకొలది సముద్రము దాటి స్కాట్లండునకు పోవును. నేడు స్కాచ్ నిలువయున్న పీపాలలో ఎక్కువభాగ మవియే. మేము రెండవ పాత్రలో పసిగట్టిన వెనిలా, కెంటకీ పీపా తన మొదటి కాపురమునుండి తెచ్చుకొన్న సారె. అమెరికా శాసనము పీపాకు పునర్వివాహమును నిషేధింపగా, స్కాట్లండు దానిని సగౌరవముగ నింట బెట్టుకొని, పది పండ్రెండేండ్లు కాపురము చేయించుచున్నదని మే మన్నాము. మా పిల్లవాడు చాలసేపు నవ్వెను.

వైరి వర్గములుగ వాదించుకొను ఈ రెండును ఒక్క పీపాలోని పూర్వోత్తరకాలములని తెలిసినపిదప, ఏది గొప్ప యను వాదమున సారము లేదనిపించినది. మఱియొక బంధుత్వమును గలదు. ముందటి కాపులోని పులిసిన పిండిద్రవమును కొంత తరువాతి కాపునకు చేర్చు పద్ధతిని కెంటకీలో శాస్త్రీయముగ నెలకొల్పిన జేమ్స్ క్రో స్కాట్లండున పుట్టిన వైద్యుడే. భేదమంతయు ధాన్యమునను, కఱ్ఱయందును, ఎండయందును గలదు. కెంటకీ వేసవి యెండకు ద్రవము కఱ్ఱలోనికి చొచ్చును. చలికి వెలికి వచ్చును. కావున త్వరగ పండును, ఎక్కువగ నావిరియగును. స్కాట్లండు చల్లదనమున ఏటికి నూటికి రెండుపాళ్లు మాత్ర మావిరియగును. దానిని వారు దేవదూతల భాగమందురు.

మూడవ పాత్ర నెత్తితిమి. అది గుర్తింపవలసిన పని లేదు. ముక్కుకడకు రాకముందే గది నిండినది. ఐలా యను ద్వీపమున చేయు లఫ్రోయిగ్ అది. ఆ ద్వీపమున వంటచెఱకు తక్కువ. చిత్తడి నేలలలో వేలయేండ్లు గడ్డియు నాచును క్రుళ్లి గట్టిపడిన పీటు అను మట్టియే పూర్వమునుండి పొయ్యిలోని కట్టె. మొలక బార్లీని ఆ మంటపై నెండబెట్టగ, పొగలోని ఫినాల్ జాతి ద్రవ్యములు గింజకు పట్టి, కాపులోను పీపాలోను చావక సీసావఱకు వచ్చును. పిల్లవాడు రెండుచుక్కల నీరు వేసి మరల వాసన చూడుమనెను. నీరు కలిపినపుడు గ్వయకాల్ అను ధూమగంధద్రవ్యము ద్రవపు పైపొరకు వచ్చునని 2017లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులిద్దఱు గణించి చూపిరట.

వాడు చెప్పుచునే యున్నాడు. మేము వినుట మానితిమి. ఆ వాసన మేమెఱిగినదే. అది ఆసుపత్రి గచ్చుపై చల్లు ఫినాయిలు వాసన. పదియేండ్ల బాలుని ఎవరో చేయిపట్టి నడిపించుకొనిపోయిన పొడుగాటి వరండా, చివర మంచము, పచ్చబడిన కన్నులు, వణకుచు మావైపు చాచిన చేయి. మా తల్లిగారు మమ్ము వెనుకకు లాగుకొనిరి. ఆ చేతిని మేము పట్టుకొనలేదు.

తలపునుండి తేఱుకొనునప్పటికి, ఉమ్మవలసినదానిని మ్రింగియుంటిమి.

చదువరులారా, ఇక చెప్పబోవునది దాచవలెనని చాల పెనగులాడితిమి. మ్రింగినది గొంతున మండి, ఱొమ్మున వెచ్చనై, మెల్లగ భుజములకు ప్రాకినది. ఏబదియేండ్లుగ బిగియబట్టియున్న దేదియో లోపల నొక ముడి వదులైనట్లుండెను. దుఃఖము పోలేదు, దాని మొన మొక్కవోయెను. పిల్లవాడు చెప్పకముందే మా చేయి నాలుగవ పాత్రకై చాచియుండెను. చాచిన చేతిని చూచుకొంటిమి. ఆ చేయి మాదిగ కనబడలేదు. మంచముపైనుండి చాచిన చేయిగనే కనబడెను.

నాలుగవదానిని ఉమ్మితిమి. అది వైల్డ్ టర్కీ 101. వేయించిన మొక్కజొన్నయు, మిరియముల ఘాటును పోలిన రై యొక్క కారమును, తాటిబెల్లపు చేదుతీపియు గలది. అమెరికా లెక్కలో 101 ప్రూఫనగా నూటికి 50.5 పాళ్ల ఆల్కహాలు. బోర్బన్ అని సరిగనే చెప్పితిమి. నాలుగింట రెండు సరియైనవి. కాసు నెగురవేసి చెప్పినను అంతే ఫలము వచ్చియుండును.

రాత్రి నిద్ర పట్టలేదు. భారతములో శుక్రాచార్యుల కథ మనసున మెదలెను. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి యియ్యగా, తెలియక త్రాగినపిదపనే గదా ఆయన సురాపానమును నిషేధించినది! శిష్యుని మ్రింగిన బాధ తన కడుపున ననుభవించి పలికిన పలుకది. ఎడముగ నిలిచి మొగము త్రిప్పుకొన్నవాని పలుకు గాదు. మేము మా మేనమామగారిని దుర్మార్గులనుకొంటిమి. ఆయనయు నేదో ముడిని వదులు చేసికొనుటకే మొదటి పాత్ర నెత్తియుందురు. ముడి యేమని యింటిలో నెవరు నడుగలేదు. మాగాణి పోయినదని మాత్రమే లెక్కించితిమి.

మఱునాడుదయమున పిల్లవానికి మా మేనమామగారి కథ యంతయు పేరు పెట్టి చెప్పితిమి. తన తండ్రికి మేనమామ యొకరుండెనని కూడ వాడెఱుగడు. చాలసేపు మౌనముగ నుండి, "అది సారా, పెదనాన్నగారూ. ఇది వేఱు. ఇందులో శ్రద్ధ యున్నది, కాలమున్నది, విద్య యున్నది" అనెను.

విద్య యున్నదని మే మొప్పుకొంటిమి. యెనిమిది, పది, పండ్రెండేండ్లు చీకటికొట్టున ఒకదానికై వేచియుండుట సామాన్యమైన పట్టుదల గాదు. ఒక గింజ, ఒక కఱ్ఱ, ఒక పొగ, వీనిని మనుష్యు డింత సూక్ష్మముగ నెఱుగుట చూచి మాకు నిజముగ సంతోషమైనది. కాని నాలుక కనిపెట్టు భేదమును కాలేయము కనిపెట్టదు. దానికి స్కాచ్, బోర్బన్, సారా అను కులభేదము లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాలయము 1988లోనే మద్యపానీయములను మనుష్యులకు క్యాన్సరు కలిగించు ద్రవ్యముల మొదటి తరగతిలో చేర్చినది. ఆరోగ్యమునకు హాని లేని మద్యపరిమాణ మనునది లేదని ఆ సంస్థ యూరపుశాఖ 2023 జనవరిలో ప్రకటించినది. జీవజలమునకు పేరుగన్న స్కాట్లండులోనే 2023వ సంవత్సరమున కేవలము మద్యమే కారణముగ మరణించినవారు 1,277 మంది. ఇట్టి మరణములను తగ్గించుటకే ఆ దేశము 2018 మే 1 నుండి మద్యమునకు కనీసపు ధర నిర్ణయించినది. పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు ఒక యూనిట్టు. మొదట దానికి 50 పెన్నీలు, 2024 సెప్టెంబరు 30 నుండి 65 పెన్నీలు. ఆ శాసనము రుచి నడుగదు, పేరు నడుగదు, పీపా నడుగదు, యూనిట్లనే లెక్కించును.

శాసనములకు గూడ హద్దున్నది. అమెరికా 1920లో సంపూర్ణ నిషేధము విధించి, 1933లో ఎత్తివేసినది. ఆ నడుమను వైద్యుని చీటీతో విస్కీ దొరకుచునేయుండెను. మన తెలుగునేలను 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించి, ఉద్యమమునకు నిప్పు రగిల్చిరి. 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధమును వచ్చినవి. 1997లో సీసాలకు మరల తలుపులు తెఱచిరి. ఆ స్త్రీలు అడిగినది సారాయా, సీసాయా యని కాదు. సాయంకాలము కూలిడబ్బు ఇల్లు చేరునా యని. పేదవాడు త్రాగిన వ్యసనము, మనము త్రాగిన రసజ్ఞత యను మాట చదువుకొన్నవారి యిండ్లలో నేడు తఱచుగ వినబడుచున్నది. పూర్వము మేము మొగము త్రిప్పుకొని తప్పు చేసితిమి. ఇప్పటివారు మాటలకు మెఱుగుపెట్టుకొని తప్పు చేయుచున్నారు. రెండింటను లోపించినది ఒక్కటే, చూడవలసినదానిని చూచుట.

మే మా నోటుపుస్తకమును తెప్పించి, "నాయనా, నీ శాస్త్రమంతయు బాగున్నది. ఒక గడి తక్కువైనది" అంటిమి. ఏ గడి యనెను. "ఎంత" యను గడి. రంగు వ్రాసితివి, వాసన వ్రాసితివి, శేషము వ్రాసితివి. ఆ రాత్రి యెంత త్రాగితివో పదునేడు సీసాలకును ఎచ్చటను వ్రాయలేదు. 40 పాళ్ల 700 మిల్లీలీటర్ల సీసాలో 28 యూనిట్లున్నవి. వారమునకు 14 మించవలదని 2016 నుండి ఆ దేశపు వైద్యాధికారుల సలహా. అనగా సగము సీసా. 25 మిల్లీలీటర్ల కొలత 40 పాళ్లదైన ఒక యూనిట్టు. వైల్డ్ టర్కీ యైన ఒకటింబావు. "రసాయనశాస్త్రజ్ఞుడవు. కొలత లేని పరీక్ష పరీక్షయగునా?" అంటిమి. వాడు బదులు చెప్పలేదు. గీతబద్ద తెచ్చి, ప్రతిపుట చివరను ఒక గడి గీసెను.

తిరిగివచ్చి మరదలికి చూచినది చూచినట్లే చెప్పితిమి. మేము మ్రింగినదియు దాచలేదు. ఆమె కొంతసేపు మావైపు చూచి, "మీరు నిజము చెప్పితిరి గావున వాడు కూడ చెప్పునని నమ్మెదను" అన్నది. మూడు మాసముల పిమ్మట పిల్లవాడు నోటుపుస్తకపు పుటల ఛాయాచిత్రములను పంపెను. మొదటి మాసపు మొత్తముక్రింద, "నేననుకొన్నదానికి రెండింతలున్నది, పెదనాన్నగారూ" అని వ్రాసెను. రెండవ మాసమున అంకె తగ్గినది. మూడవ మాసమున మఱికొంత తగ్గినది. సున్న కాలేదు. సున్న అయినదని వ్రాసియుండిన మేము నమ్మియుండము.

స్కాట్లండు వ్రాతలలో విస్కీ జాడ మొట్టమొదట కానవచ్చుచోటు కావ్యము గాదు, వైద్యగ్రంథము గాదు. 1494 నాటి రాజకోశపు లెక్కలలో, జీవజలము చేయుటకై జాన్ కార్ అను సన్యాసికి ఎనిమిది బోల్‌ల మొలకధాన్య మిచ్చినట్లొక పంక్తి గలదు. ఐదువందల యేండ్లకు పైబడి కవులును వర్తకులును దానిని లెక్కపుస్తకమునుండి వెలికి తెచ్చి పొగడుచునే యున్నారు. మన యిండ్లలో త్రాగువారున్నచో వారిని చూచి మొగము త్రిప్పుకొనవలదు, వారి రసజ్ఞతను చూచి మురియవలదు. చెంత కూర్చుండి, లెక్క నడుగుడు. ఆ లెక్కతోబాటు, విప్పవలసిన ముడి యేమో దానినిగూడ నడుగుడు. మా మేనమామగారి నెవరు నడుగలేదు.